కెరటం తర్వాతి నీళ్ళు

పంక్చర్ వేసే మనిషి నా స్కూటీ చక్రంలోంచి ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నల్లబడిన నీళ్ళ తొట్టిలో ముంచాడు. దేవేంద్ర నగర్ మలుపులో వేపచెట్టు కింద ఉంటుంది అతని దుకాణం. ఎండ ముదురుతోంది, నాకు డ్యూటీకి వేళవుతోంది. అతను ట్యూబును వేళ్ళతో నొక్కుతూ నీళ్ళలో కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. ఒకచోట సన్నని బుడగల వరుస పైకి లేచింది. తడిసిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఆశీర్వాదం అంకుల్ గుర్తుకొస్తారు. పోయినవాళ్ళు కొందరికి పూల వాసనతో గుర్తుకొస్తారట. నేను అందరికంటే ఎక్కువ గౌరవించిన మనిషి మాత్రం నాకు లారీ ట్యూబు వాసనతో గుర్తుకొస్తారు. ఈ సంగతి ఆయనకు తెలిస్తే భుజాలు కదిలేలా నవ్వుకునేవారు.

ఆయన్ని ఎరగనివాళ్ళకు ముందు ఆయనెవరో చెప్పాలి. ఆశీర్వాదం గారిది పాలకొల్లు దగ్గర పల్లె. పద్దెనిమిదో ఏట రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, పరీక్షలు రాసుకుంటూ వంతెనల ఇన్‌స్పెక్టరయ్యి, రాయపూర్‌లో రిటైరై ఇక్కడే ఉండిపోయారు. మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది. రైల్వేవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, ఊరి బయట ఉర్లా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, అంతా కలిపి ఒక హాలు నిండేంత మంది. ఆయన సంఘపెద్ద. ఆదివారం సాయంత్రం జరిగే మా యువజన కూటానికి పెద్దవాళ్ళలో ఆయనొక్కరే తప్పకుండా వచ్చేవారు. చివరి బెంచీలో కూర్చుని, ఎవరు ఏ వాక్యం చదివినా వేలితో బైబిల్లో వెతికి సరిచూసుకునేవారు. ముగింపు ప్రార్థన ఆయన వంతు వచ్చిన రోజు మాకు పండగ, ఎందుకంటే అది ఒక్క మాటతో అయిపోయేది. "ప్రభువా, చూసింది చూసినట్టు చెప్పే నోరియ్యి. ఆమేన్." టీ గ్లాసుల చప్పుడు వెంటనే మొదలయ్యేది.

ఆయనతో రైలు ప్రయాణం చేసినవాళ్ళు ఇంకొకటి చెప్పేవారు. రైలు వంతెన ఎక్కగానే అందరూ కిటికీలోంచి నీళ్ళు చూస్తారు. ఆయన పక్క లైను వంతెన స్తంభాల వంక చూసేవారు. ప్రతి స్తంభం మీదా నీటిమట్టం కొలిచే అంకెలు, వాటికి పైన ప్రమాదాన్ని సూచించే ఎర్రగీత ఉంటాయి. ఆ రోజు నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని, తలూపి, మళ్ళీ ఒళ్ళో ఉన్న అటుకుల చుడువా పొట్లంలో చెయ్యి పెట్టేవారు.

రాయపూర్ రాజధాని అయి పదేళ్ళు దాటిన రోజులవి. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. ఉర్లాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో కొత్తగా చేరాను, యువజన కూటానికి సెక్రటరీని. ఏటా వేసవిలో మూడు రోజులు ఏదో ఒక బడి హాల్లో ఉపవాస కూటం పెట్టుకునేవాళ్ళం. ఆ ఏడు మేము పదకొండుమందిమీ పట్టుబట్టి, ఉదయం సాయంత్రం ఆరాధన ఉంటుందని మాటిచ్చి, నదిలో రబ్బరు పడవ మీద కెరటాలు దాటే యాత్రకు అయ్యగారిని ఒప్పించాం. పాస్టర్ని మేం అయ్యగారనే అంటాం. ఒప్పుకున్నాక అసలు తగువు మొదలైంది. ఏ నది?

ఇంజనీరింగ్ చదువుతున్న ప్రకాష్ రిషికేశ్ దగ్గర గంగ అన్నాడు. నేను కులూ దగ్గర బియాస్ అన్నాను. చివరి బెంచీలోంచి ఆశీర్వాదం అంకుల్, మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక అన్నారు. ఆ పేరు మాలో ఎవరూ వినలేదు. సంఘంలో అందరికంటే పెద్దావిడ మరియమ్మ మామ్మ టీ పోస్తూ గంగ పేరు విని ఆగిపోయింది.

"గంగలో మునిగొచ్చి మళ్ళీ ప్రభువు బల్లలో రొట్టెకి చెయ్యి చాపుతారేంట్రా?"

"పిన్నీ, ముప్పయ్యేళ్ళు నదుల మీద నౌకరీ చేశాను. ఏ నదీ నా మతం అడగలేదు" అన్నారు అంకుల్.

"అది అడక్కపోయినా నువ్వే చెప్పేసుంటావులే. నీ నోరూరుకుంటదా?"

నాకు బియాసే కావాలి. ల్యాబులో నాతో పనిచేసే ఒకావిడ పెళ్ళయ్యాక అక్కడికి వెళ్ళొచ్చి కంప్యూటర్లో ఫోటో చూపించింది. పడవ ముక్కు ఆకాశం వైపు లేచిపోయి ఉంది, అందులో మనుషుల నోళ్ళు తెరుచుకుపోయి ఉన్నాయి. ఆ ఫోటో నా కళ్ళలోంచి పోలేదు. పుట్టిన దగ్గర్నుంచి అమ్మ మాట, అయ్యగారి మాట, ఇప్పుడు సూపర్‌వైజర్ మాట వింటూ వచ్చినదాన్ని. ఒక్కసారి నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరగాలనిపించింది. దానికోసం ప్రార్థన కూడా చేశాను. దేవుడు ఒప్పుకోకపోతే ఈ కోరిక నా మనసులో ఎందుకు పెడతాడు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

మాలో ఎస్తేరు అందరికంటే చిన్నది. నర్సింగ్ మొదటి ఏడు చదువుతోంది. బీర్‌గావ్‌లో ఉండేవాళ్ళు, వాళ్ళ నాన్న రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. చిన్నప్పుడు చెరువు మెట్ల మీద జారిపడి ఎవరో జుట్టు పట్టుకుని లాగితే బతికింది. అప్పటినుంచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగలేదు. అయినా వస్తానంది, ఎందుకంటే ఆ భయంతోనే ముసలిదాన్నవుతానేమోనని దానికి ఇంకో భయం. వాళ్ళ నాన్న ఆశీర్వాదం అంకుల్ దగ్గరికొచ్చి, "నది మీరు చూసి చెప్పండన్నయ్యా, మీ భరోసా మీద పంపిస్తాను" అన్నాడు. అంకుల్ మాటిచ్చారు. ఆ మాట సంగతి నాకు తెలుసు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒక విషయం ఎంతకీ తెగకపోతే ప్రార్థన చేసి చీట్లు వేస్తాం. ప్రభువు శిష్యులైన అపొస్తలులు వేశారు గనక మేమూ వేస్తాం. సెక్రటరీ చీట్లు రాసి, మడిచి, కానుకల సంచిలో వెయ్యాలి. మరియమ్మ మామ్మ కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. ఆ తర్వాత మిగిలిన చీట్లను సెక్రటరీ అందరి ముందూ విప్పి చూపించాలి. ఆ ఆదివారం నేను బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని మూడు చీట్లు రాశాను. మూడింటి మీదా బియాస్ అనే రాశాను.

అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మామ్మ పెదవులు కదుపుతూ చాలాసేపు ప్రార్థించి ఒక చీటీ తీసింది. అయ్యగారు చదివారు. మగపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో నేను గబగబా ముగింపు పాట ఎత్తుకున్నాను. మిగిలిన రెండు చీట్లూ విప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు. పాట అయ్యాక చూస్తే సంచి బల్ల మీద లేదు. చివరి బెంచీలో ఆశీర్వాదం అంకుల్ ఒళ్ళో ఉంది.

బయట చెప్పులేసుకుంటుంటే ఎస్తేరు పక్కకొచ్చింది. "కంగ్రాట్స్ అక్కా. నేను మాత్రం డ్రాప్. పెద్ద నదంటే అంకుల్ హాఁ అనరు, అంకుల్ చెప్పకపోతే నాన్న పంపడు. పర్వాలేదులే, దేవుడే సెలెక్ట్ చేశాడు కదా." అది దేవుడి మీద కోపం లేకుండా, మామూలుగా ఆ మాట అంది. నా తప్పు దేవుడి పేరు మీద దాని దగ్గరికి చేరింది. ఆ వారమంతా ల్యాబులో ఏ సీసా పట్టుకున్నా ఆ మాటే వినపడేది.

శనివారం పొద్దున్న ఆశీర్వాదం అంకుల్ ఫోన్ చేశారు. "కరుణా, ఖాళీయేనా? చలో, ఖారూన్ దాకా వెళ్ళొద్దాం." పాత స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని, ఊరి పడమట ఖారూన్ నది మీది రైలు వంతెన దగ్గరికి తీసుకెళ్ళారు. వేసవి కాబట్టి నీళ్ళు సన్నగా ఉన్నాయి. ఒడ్డున రాతి మీద కూర్చున్నాం. ఒక గూడ్సు బండి వెళ్ళిపోయాక ఆయన వంతెన స్తంభం వైపు వేలు చూపించారు.

"ఆ ఎర్రగీత కనపడతందా?"

"కనపడుతోంది అంకుల్."

"నేను కొత్తగా చేరినప్పుడు వానాకాలం వంతెన కాపలా వేశారు. గంటగంటకీ గుడిసెలోంచి ఎళ్ళి, నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి రిజిస్టర్లో రాయాలి. ఒక మధ్యాన్నం వాన కుండపోతగా కురుస్తంది. గుడిసెలో ఎచ్చగా ఉంది. పోయిన గంటలో ఎంతుందో అంతే రాసేశాను. చూడకుండా."

నేను ఆయన వంక చూడలేకపోయాను. "తర్వాతేమైంది అంకుల్?"

"ఏమీ అవ్వలేదు. బండి దర్జాగా ఎళ్ళిపోయింది. నీళ్ళు నేను రాసినంతే ఉన్నాయి మరి." ఆయన చిన్న గులకరాయి తీసి నీళ్ళలోకి విసిరారు. "నాకు ఇప్పటికీ భయమేసేది అదేనమ్మా. ఏదన్నా అయ్యుంటే దొరికిపోయేవాణ్ణి, బుద్ధొచ్చేది. ఏమీ అవ్వలేదు కాబట్టి మర్నాడు కూడా అట్టాగే రాశాను."

"మరి ఎప్పుడు మానేశారు?"

"మూడోనాడు. నీళ్ళు పెరిగి గీతకి జానెడు దూరంలోకి వచ్చేశాయి. అది కూడా భక్తితో ఎళ్ళి చూడలేదు. అగ్గిపెట్టె తడిసిపోతే చుట్ట ముట్టించుకుందామని అవతలి కాపలావాడి దగ్గరికి ఎళ్తా చూశాను. బండి ఆపించాను. చుట్ట సంగతి మరియమ్మ పిన్నికి చెప్పకు."

నాకు నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. "అంకుల్, ఆ చీట్లు..." అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి రెండు చీట్లు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. నేను మడిచిన మడత మడిచినట్టే ఉంది. "మూడింటి మీదా బియాసే రాశాను" అన్నాను.

ఆయన అరచెయ్యి నా వైపు చాపారు. "నేను విప్పలేదమ్మా."

"ఎందుకు?"

"విప్పితే నేను నిన్ను పట్టుకున్నట్టవుద్ది. నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టవుద్ది."

"ఇప్పుడు విప్పి చూడండి అంకుల్."

"ఇప్పుడెందుకు? చెప్పావు కదా." చీట్లు మళ్ళీ జేబులో పెట్టుకుని లేచి ప్యాంటు దులుపుకున్నారు. స్కూటర్ స్టాండు తీస్తూ, కొత్త సంగతేదో గుర్తొచ్చినట్టు అన్నారు. "కెరటం ఎంతెత్తు లేస్తదో అందరూ అడుగుతారు. ఆ కెరటం తర్వాత ఏముందో అడగరు. నిదానమైన నీళ్ళుంటే పడినోడు తేల్తాడు. ఎంటనే ఇంకో కెరటముంటే ఏం చేస్తాడు? నది ఎంచుకోవాలంటే ముందు అది అడుగు."

మర్నాడు కూటంలో లేచి నిలబడి చెప్పాను. రెండు వాక్యాలకంటే ఎక్కువ రాలేదు. ప్రకాష్ ఊరుకుంటాడా. "వా, సెక్రటరీ గారు. అపొస్తలులకి కూడా ఈ ఐడియా రాలేదు." ఒకరిద్దరు నవ్వారు. మరియమ్మ మామ్మ నవ్వలేదు. "నేను కళ్ళు మూసుకుని ప్రభువునడుగుతా ఉంటే, నువ్వు ముందే రాసేసి కూచున్నావా?" అంది. ఆవిడ గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. నాకు తగిలిన దెబ్బల్లో అదే పెద్దది. కాసేపటికి ఆవిడే తీర్పు చెప్పింది. "నెల్రోజులు టీ గ్లాసులు నువ్వే కడుగు." సెక్రటరీ పని వదిలేస్తానన్నాను. ఆశీర్వాదం అంకుల్ ఒప్పుకోలేదు. "వదిలేస్తే తప్పించుకున్నట్టు. ఫోన్లు ఎవరు చేస్తారు?"

మళ్ళీ చీట్లు వేద్దామా అని అయ్యగారు అడిగారు. అంకుల్ వద్దన్నారు. మనకు కనపడేది ముందు మన కళ్ళతో చూసి, అక్కడికీ తేలకపోతే చీట్లు వేద్దామన్నారు. ఆ వారమంతా నేను మూడుచోట్లకూ ఫోన్లు చేశాను. ఆయన చెప్పిన ప్రశ్నలే అడిగాను. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, మంచు కరిగితేనా, వాన పడితేనా, డ్యాము వదిలితేనా? అవి పెరుగుతున్నాయని మీకు ఎంత ముందు తెలుస్తుంది? కెరటానికీ కెరటానికీ మధ్య నిదానంగా ఉంటుందా? పడవ తిరగబడితే ఒడ్డున రోడ్డుందా? చివరగా, మాలో ఒకమ్మాయి నీళ్ళంటే భయపడుతుంది, ఆమెను ఎక్కడ కూర్చోబెడతారు? బియాస్ దగ్గరివాళ్ళు నిజాయితీగానే చెప్పారు. ఎండలు ముదిరితే మంచు కరిగి నది చాలా జోరుగా ఉంటుంది, కొత్తవాళ్ళయితే వేరే నెలలో రండి అన్నారు. గంగ దగ్గర ఇష్టమైతే చిన్న దూరం వెళ్ళొచ్చన్నారు. కుండలిక దగ్గర ఫోనెత్తిన మనిషి మాత్రం చివరి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పాడు. "నా పక్కన కూర్చోబెడతాను." అక్కడ కరెంటు కోసం డ్యాములోంచి పొద్దున్నే నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళతో పాటే పడవలు బయలుదేరతాయి. ఎన్నింటికి వస్తాయో, ఎంత వస్తాయో ముందే తెలుసు.

"డ్యాము వదిలిన నీళ్ళంటే కుళాయి నీళ్ళే కదా అంకుల్" అన్నాడు ప్రకాష్.

ఆ సాయంత్రం అంకుల్ బైబిల్లోంచి ఒక కథ చదివారు. గొప్ప సేనాధిపతి ఒకడు, రోగం పోవాలంటే ఫలానా చిన్న నదిలో మునగమంటే, మా దేశంలో ఇంతకంటే మంచి నదులు లేవా అని అలిగి వెనక్కి తిరిగిన కథ. ప్రకాష్ చెయ్యెత్తి, "అంటే మేం రోగిష్టులమా?" అని అడిగాడు. "నీ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీకు ఈతొచ్చా?" అన్నారు అంకుల్. రాదు. పదకొండుమందిలో ముగ్గురికే వచ్చు. చీట్లు అవసరం లేకుండానే కుండలిక అని తేలిపోయింది.

తర్వాతి నాలుగు ఆదివారాలూ ఆరాధన కాగానే అంకుల్ మమ్మల్ని బీర్‌గావ్ దగ్గర చెరువుకు తీసుకెళ్ళేవారు. టైర్ల దుకాణంలో అడిగి లారీ ట్యూబులు తెచ్చారు. ఒక్కొక్కదాన్నీ తానే నీళ్ళలో ముంచి, చుట్టూ తిప్పి, బుడగ లేదని చూశాకే మా చేతికిచ్చేవారు. "గాలున్నట్టే కనపడుద్ది. ముంచితే తెలుస్తది." మెట్ల మీద బట్టలుతికే ఆడవాళ్ళు చేతిపని ఆపి చూసేవారు. ఒకావిడ ఎస్తేరును, "కా కరత హస్ నోనీ?" అని అడిగింది, ఏం చేస్తున్నావమ్మా అని. ట్యూబు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్న ఎస్తేరు, "డర్ ధో రహీ హూఁ కాకీ" అంది. భయాన్ని ఉతుకుతున్నానని. మెట్లన్నీ నవ్వాయి. వెల్లకిలా తేలడం, కాళ్ళు ప్రవాహం వైపు పెట్టి పాదాలు పైకి ఉంచడం, అరవకుండా ఊపిరి తీసుకోవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాం. అందరికంటే ముందు తేలింది ఎస్తేరే. భయం ఉన్నవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తారని అంకుల్ అన్నారు. ఆ మాటన్నప్పుడు నా వంక చూడకపోవడం ఆయన మంచితనం.

కుండలిక ఒడ్డుకు మేం చేరేసరికి నదిలో రాళ్ళే ఉన్నాయి. మధ్యలో చిన్న పాయలు. మా ముఖాలు వాడిపోయాయి. అయ్యగారు ప్రార్థన చేశారు. కాసేపటికి పైనుంచి ఒక హోరు వినిపించింది. నీళ్ళు వచ్చాయి. రాళ్ళు ఒక్కొక్కటిగా మునిగిపోతుంటే చూశాం. చిన్నప్పటినుంచి మేం విన్న బైబిల్ కథలో నది ఆగిపోయి జనానికి దారిచ్చింది. ఇక్కడ నది వచ్చి మాకు దారిచ్చింది. ఆ ఉదయం నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. ఆశీర్వాదం అంకుల్ పడవెక్కలేదు. మోకాళ్ళు సహకరించవని, జీపులో ఒడ్డు రోడ్డు వెంబడే మాతోపాటు వచ్చారు. చెట్ల సందుల్లోంచి ఆయన తెల్ల చొక్కా కనపడుతూనే ఉంది.

నాలుగో కెరటమో అయిదోదో గుర్తులేదు. తెడ్డు వెయ్యమని గైడు అరిచాడు. నేను ఫోటోలో చూసినట్టు పడవ ముక్కు పైకి లేవడం చూస్తూ, తెడ్డు వెయ్యడం మరిచిపోయాను. మరుక్షణం నీళ్ళలో ఉన్నాను. చెవుల్లో హోరు, ముక్కులో నీళ్ళు, ఎటు పైకో తెలియదు. అప్పుడొక గొంతు వినిపించింది, చెరువులో నేర్చుకున్న మాటలే. "కాళ్ళు పైకి అక్కా, కాళ్ళు పైకి." పాదాలు పైకెత్తాను. కెరటం నన్ను దాటించి వదిలేసింది. దాని తర్వాత నీళ్ళు ఆకుపచ్చగా, వెడల్పుగా, చెరువులా నిదానంగా ఉన్నాయి. ఆకాశం వంక చూస్తూ తేలాను. పడవ పక్కకొచ్చింది. గైడు పక్కన కూర్చున్న ఎస్తేరు వంగి, నా లైఫ్ జాకెట్ భుజాల పట్టీలు రెండు చేతులా పట్టుకుని లోపలికి లాగింది. పడవ అడుగున బోర్లా పడి దగ్గుతుంటే, అది నా వీపు మీద కొడుతూ నవ్వుతోంది.

ఒడ్డుకు చేరాక ఆశీర్వాదం అంకుల్ తువ్వాలు ఇచ్చారు. "చూశారా అంకుల్?" అని అడిగాను.

"చూశాను. ఫోటోకి మాత్రం పోజు బాగా ఇచ్చావు."

ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి ఆరేళ్ళయింది. సమాధి కార్యక్రమం అయిన వారానికి వాళ్ళమ్మాయి ఆయన పాటల పుస్తకం తెచ్చి నాకిచ్చింది. లోపల రెండు చీట్లు ఉన్నాయి. నా మడతల మీద పుస్తకం బరువుకు ఇంకా సన్నగా అణిగిపోయాయి. ఆయన విప్పలేదు. నేనూ విప్పలేదు. ఎస్తేరు ఇప్పుడు ఆసుపత్రిలో సీనియర్ నర్సు, ఇద్దరు పిల్లల తల్లి, ఇద్దరికీ ఈత నేర్పించింది. నేను అదే ల్యాబులో ఇన్‌చార్జిని. కొన్ని రోజులు పని ఎక్కువై, నా కింద పనిచేసేవాళ్ళు, "మేడమ్, ఈ శాంపిల్ రిజల్ట్ రోజూ అదే కదా, లిఖ్ దేతే హైఁ" అంటారు, రాసేద్దామని. అది నిజమే, దాదాపు ఎప్పుడూ అంతే వస్తుంది. "పరీక్ష చేసి రాయండి" అంటాను. నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు. పని ముగించి సంతకం పెట్టేముందు, మనసులో ఆయన ప్రార్థన ఆయన మాటల్లోనే చెప్పుకుంటాను. అంతకంటే మంచిది నాకు ఇంతవరకు దొరకలేదు.

పంక్చర్ మనిషి అతుకు వేసి, చెక్కసుత్తితో కొట్టి, ట్యూబును టైరులోకి దూర్చబోయాడు. "హో గయా మేడమ్."

"ఏక్ బార్ ఫిర్ డుబాకే దిఖాదో భయ్యా" అన్నాను, ఇంకోసారి ముంచి చూపించమని.

అతను నిట్టూర్చి, గాలి కొట్టి, ట్యూబును మళ్ళీ తొట్టిలో ముంచి నెమ్మదిగా తిప్పాడు. ఇద్దరం వంగి చూశాం. నీళ్ళలో ఒక్క బుడగా లేవలేదు.